పాలగిన్నె మూత వంపు

అక్క టీ కొట్టుకి ఎదురుగానే బావ షెడ్డు. కార్ల డిక్కీల్లో పెట్టే సబ్ వూఫర్ స్పీకరు పెట్టెలు అక్కడ తయారవుతాయి. కోసేదీ అతికించేదీ మరదలు, అంటే అక్క చెల్లెలు; చెప్పుకునేది బావ. అందుకే వీధి వీధంతా ఆయన్ని మైకు అంటుంది.

ఆ సాయంత్రం ఒక పెద్దాయన వచ్చి టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాడు. రెండు వీధుల అవతల పెద్ద షాపు ఆయనది. ఎవరి టాక్సీలోనో ఇక్కడి పెట్టె విన్నాడట.

"దాని గాలి కన్నానికి ఆ వంపు తీసింది ఎవరండీ? వాళ్ళకి నా షాపులో పెట్టెల పనంతా అప్పజెబుతాను."

కొలతపట్టీ చుట్టుకుంటున్న మరదలి చేతులు ఆగిపోయాయి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బావ తన వేపు చెయ్యి చూపిస్తే చాలు.

బావ కాలు మీద కాలు వేసుకున్నాడు.

"ఎవరేంటి బాబాయ్, నేనే! అసలు పెట్టెకి ఆ కన్నం ఎందుకు? లోపల స్పీకరు కొట్టుకుంటుంటే ఊపిరి తీసుకోవడానికి. అందరూ రంపంతో తెగ్గోసి వదిలేస్తారు. పదునైన అంచుకి గాలి గీరుకుని బుస్సుమంటుంది, పాటలో పాము దూరినట్టు. నేను ఆ అంచుని బూరా మూతిలా విప్పా. చప్పుడు చచ్చూరుకుంది."

'నేనే' అన్నది తప్ప అంతవరకూ నిజమే. గరుకు కాగితం రుద్ది రుద్ది మరదలి వేళ్ళు ఇంకా మండుతున్నాయి. ఆ పెట్టె మొదటిసారి పాడినప్పుడు ఆమె కళ్ళు మూసుకుని కన్నం దగ్గర చెంప పెట్టింది. పక్కన ఎవరో నిద్రపోతూ ఊపిరి వదిలినట్టు, అంత మెత్తగా తగిలింది గాలి.

"అక్కా, టీలో మళ్ళీ రంపపు పొట్టు," అన్నాడు టాక్సీ డ్రైవరు.

"తీసేసి తాగు తమ్ముడూ. నెల నుంచీ అంతే, ఎక్కణ్ణించి పడుతోందో ఏమో," అంది అక్క.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" బావ గొంతు పెంచాడు. "నలిగిన చొక్కాతో ఒకాయన ఆ కన్నం ముందు నిలబడ్డాడు. రెండు పాటలయ్యేసరికి చొక్కా ఒక్క ముడత లేకుండా ఇస్త్రీ అయిపోయింది!"

"కాలరు కూడానా?" అడిగాడు పక్క కొట్టు టైలరు.

"కాలరుకి మూడో పాట పట్టిందిలే. అదలా ఉంచు. ఒకరోజు ఎత్తు రోడ్డు మీద నా బండిలో పెట్రోలు అయిపోయింది. దిగానా? దిగలేదు. డిక్కీ తెరిచి వాల్యూం పెంచా. వెనక గాలి తన్నింది, బండి ముందుకి! బస్సుని దాటేశా. ఇంకొంచెం పెంచితే చక్రాలు నేలని వదిలేశాయి, మూడు వీధులు మేడల మీదుగా పోయా, కాకులు పక్కకి జరిగి దారిచ్చాయి..."

"దిగావెలా మరి?"

"అక్కడే ఉంది బుర్ర! ఏడుపు పాట పెట్టా. బండి ఉసూరుమంటూ దిగింది."

పెద్దాయన టీ గ్లాసు నెమ్మదిగా కింద పెట్టాడు. "నాకో అనుమానం. స్పీకరు ముందుకి కొడితే గాలి బయటికొస్తుంది. వెనక్కి లాగితే?"

"లోపలికి పోతుంది."

"అయితే మీ బండి జానెడు ముందుకీ జానెడు వెనక్కీ ఊగుతూ ఉన్నచోటే ఉండాలిగా. మేడలెలా దాటింది?"

టైలరుకి పొలమారింది.

"పోనీ, లోపలికి పోయే గాలికి ఏం చేశారు?"

"లోపల ఎవరు చూడొచ్చారు బాబాయ్? తెగ్గోసి వదిలేశా."

మరదలు ఇక ఉండలేకపోయింది. "లేదండీ. గాలికి రెండు వేపులా దారే కదా. లోపలి అంచు కూడా గుండ్రంగా తీశాను."

"నాకు తెలుసమ్మా. ఆ టాక్సీ పెట్టెలో మోచేతిదాకా చెయ్యి పెట్టి చూశాను, ఎక్కడా అంచు తగల్లేదు. చేసినవాళ్ళే ఆ సంగతి చెప్తారని కూర్చున్నాను. వంపు దేంతో గీశావు?"

ఆమె తల వంచుకుంది. "అక్క పాలగిన్నె మూతతోనండీ. గీసుకుని, మళ్ళీ గిన్నె మీద పెట్టేసేదాన్ని."

అక్క మూత ఎత్తి చూసింది. అంచు చుట్టూ పెన్సిలు నలుపు, దాని మీద పొట్టు. "అమ్మ దొంగా, నా టీ పాడుచేసింది నువ్వా!" అంది కానీ నవ్వాపుకోలేకపోయింది.

"రేపు పొద్దున్నే షాపుకి రామ్మా," అన్నాడు పెద్దాయన లేస్తూ. "ఆ మూత కూడా తెచ్చుకో."

బావ రెండు గుటకలు టీ తాగాడు. తర్వాత టైలరు వేపు తిరిగాడు. "చూశావా నా మరదల్ని! అసలు నేను దీనికి పని ఎలా నేర్పానో తెలుసా? ఒకరోజు..."

అక్క చేతిలో ఉన్న ఆ మూత తీసుకెళ్ళి బావ నోటికి అడ్డం పెట్టింది.