చదువుకోని నికెల్

జల్‌పల్లి వనస్పతి ఫ్యాక్టరీలో ఆరు గంటలు కాగినా నూనె గడ్డకట్టే రకంగా లేదు. మొఘల్‌పురా నుంచి ఇరవై ఏళ్లుగా డ్యూటీకొస్తున్న ఆపరేటర్ బీరయ్య, చల్లటి స్టీలు పళ్లెం మీద ఒక చుక్క వేసి కొత్త మేనేజర్‌కు చూపించాడు. చుక్క నీళ్లలా జారిపోయింది.

"నికెల్ పొడి సరిగ్గా వేశావా?"

"పోయినసారి వడపోసిందే మళ్ల వేసిన సార్. కొత్తది కొనొద్దని మీరే అన్నరు గద."

"అది ఉత్ప్రేరకమయ్యా. నూనెలోకి హైడ్రోజన్‌ని ఎక్కిస్తుంది, తను మాత్రం ఖర్చు కాదు. పుస్తకంలోనే ఉంది."

"ఖర్చు గాదు సార్, సస్తది. అగ్గువకు దొరికిందని ఆవనూనె తెప్పిస్తిరి. ఘాటు వాసనొస్తుంది, ముందుగాల శుభ్రం చేద్దామంటే టైం లేదంటిరి. అండ్ల గంధకముంటది. నికెల్‌కు గదే విషం."

"మరి నాకు గట్టిగా చెప్పొద్దూ?"

"రెండుసార్లు చెప్పిన. నువ్వేం చదివావని అడిగిన్రు."

ఆ తర్వాత వచ్చే మాటేమిటో బీరయ్యకు ముందే తెలుసు.

"ఓనర్‌గారికి ఎవరో ఒకరి తప్పని చూపించాలి కదా. మెమో నీ పేరు మీద ఇస్తాను, ఏమీ అనుకోకు."

"నా పేరెందుకు సార్? నికెల్ పేరు మీదనే ఇయ్యుండ్రి. మీ పుస్తకం చదవకుంటనే పనిలకొచ్చింది."