ఒత్తి లేని కొవ్వొత్తి

అత్తగారు కడిగిన గిన్నెలు తుడుస్తూ కోడలి పక్కన వచ్చి నిలబడింది. బయట వాన సన్నగా పడుతోంది. అచ్చులో పోసిన మైనం అంచుల నుంచి మెల్లగా తెల్లబడుతోంది.

“పొయ్యి మీద పాలకి కాపలా కాసినట్టు, ఏంటే ఆ చూపు?”

“మైనం మీద మబ్బు కమ్ముతున్నట్టు లేదూ అత్తయ్యా? పెళ్లయ్యాక మళ్లీ ఇదే చూడటం.”

“నువ్వు పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆ అచ్చులు అటక మీద చూసి పాత సామానోడికి వేసేద్దామనుకున్నాను.”

“ఇవాళ కుదరకపోతే వేసేయండి. నా చేతులు పని మర్చిపోయాయేమోనని భయంగా ఉంది.”

“బాగానే పోశావు గానీ, ఒత్తి ఏదే?”

కోడలు నాలుక కరుచుకుంది. ఒత్తి నిలబెట్టకుండానే మైనం పోసేసింది.

“పెళ్లికొడుకు లేకుండా పెళ్లి చేశావు!”

“నవ్వకండి. నావల్ల కాదు. ఇక పడేయండి.”

“గట్టిపడ్డాక చిల్లు పెట్టి దూర్చకూడదూ?”

“సూది కాల్చి పెట్టొచ్చు. కానీ ఇంట్లో నూలుదారం ముక్క కూడా లేదు. వీధి చివర కొట్టుకి ఈ వానలో ఎవరు వెళ్తారు? వదిలేయండి.”

అత్తగారు చేతిలోని గుడ్డను కోడలి భుజం మీద వేసింది. చెప్పులు తొడుక్కుని, గొడుగు తీసుకుని గుమ్మం దాటింది.