కాంపౌండరు బావ కారు

ఏవిట్రా, మొహం అంత వెలిగిపోతోంది? కొత్త కారా? మంచిది, మంచిది, కూర్చో. షోరూం వాడు ఐదు లీటర్లు ఊరికే పోసిచ్చాడా? ఏం పోశాడో చూశావా? నవ్వకు. నవ్వినవాళ్లందరూ నాకు తెలుసు. మా బావ సంగతి చెప్తా విను. అదే, మా పెద్దక్క మొగుడు, నీకు తాత వరస. నువ్వు పుట్టకముందే పోయాడులే. ఆస్పత్రిలో కాంపౌండరు. ముప్పై నాలుగేళ్లు మందులు కలిపి సీసాల్లో పోసిచ్చాడు, ఒక్కటంటే ఒక్కటి తప్పు పోలేదు. సీసా తీసేటప్పుడు చీటీ చదవాలి, వంచేటప్పుడు చదవాలి, మళ్లీ బీరువాలో పెట్టేటప్పుడు చదవాలి. ఇంట్లో ఉప్పు డబ్బాకి కూడా ‘ఉప్పు’ అని చీటీ అంటించిన మనిషి. మా అక్క అనేది, “నా నుదుటి మీద కూడా ఒకటి అంటించండి, పొద్దున్నే లేచి ఎవరో అనుకునేరు” అని. ఆయన నవ్వేవాడు కాదు. “చూసుకోకుండా పోస్తే ప్రాణం పోతుందే” అనేవాడు. ఆ ఒక్క గర్వం తప్ప ఆయనకి ఇంకో ఆస్తి లేదు.

ఆ... కారు కదూ. రిటైరయ్యాక కొన్నాడు. సరదాకి కాదురా. అక్కకి మోకాళ్లు పట్టేశాయి. వారానికి మూడుసార్లు ఆ కాళ్ల వ్యాయామం చేయించేవాళ్ల దగ్గరికి వెళ్లాలి, బస్సు మెట్టెక్కాలంటే ఆవిడకి కొండెక్కినట్టే. సీటు ఎంత ఎత్తుందో టేపు పెట్టి కొలిచి మరీ కొన్నాడు. డీజిలుది. తెచ్చుకునే రోజు నేనూ వెళ్లా. గాజు తలుపులు, చల్లగాలి, ఫోటో, చప్పట్లు. మేనేజరు, వాడి బూట్లు వాడికంటే ముందొచ్చి పలకరించేవి, “ఐదు లీటర్లు మా తరఫున సార్!” అన్నాడు. అక్క ముందు సీట్లో మహారాణిలా కూర్చుంది. రెండు మలుపులు తిరిగామో లేదో బండి దగ్గడం మొదలెట్టింది, మూడో మలుపులో చతికిలబడింది. బావ దిగి మూత తీసి వాసన చూశాడు. “బావమరిదీ, ఇది పెట్రోలు” అన్నాడు. నాకేం పెద్దగా అనిపించలేదు గానీ ఆయన మొహం మాత్రం పాలిపోయింది.

వెనక్కి వెళ్తే మేనేజరు ఏమన్నాడో తెలుసా? “దారిలో మీరేమన్నా పోయించారా సార్?” దారిలో బంకే లేదురా బాబూ! ఆ మాటే అంటే, “అవతల రోడ్డులో ఉంది కదండీ” అన్నాడు, వెన్నపూసలాంటి గొంతుతో. “పెద్దవారు, పొరపాటు సహజం. ట్యాంకు మేమే కడిగిస్తాం, పైసా ఇవ్వక్కర్లేదు, ఒక్క సంతకం పెట్టండి చాలు.” కాగితంలో ఏముందీ? బండి కొన్నవారే పొరపాటున పెట్రోలు పోశారని. బావ మూడుసార్లు చదివి, వాడి చేతిలోనే పెట్టి, “తప్పు మీదని రాయండి, అప్పుడు పెడతా” అన్నాడు. అంతే. బండి వాళ్ల షెడ్డులో, బావ వాళ్ల సోఫాలో. పొద్దున పదింటికల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని డ్యూటీకెళ్లినట్టు వెళ్లేవాడు. అరవడు, తిట్టడు. కొనడానికి వచ్చినవాళ్లతో మర్యాదగా, “బండి బ్రహ్మాండమండీ. నూనె పోసేటప్పుడు మాత్రం దగ్గరుండి చూసుకోండి” అనేవాడు. కాఫీ ఇస్తే, “ఇందులో ఏం కలిపారు?” అని అడిగి తాగేవాడు. మేనేజరుకి కక్కలేక మింగలేక! ఇంటికొచ్చాక కంపెనీ పెద్దాఫీసుకి ఉత్తరాలు, వారానికి రెండు.

రెండు నెలలు గడిచాయి. అక్క బస్సుల్లోనే తిరిగింది. ఒకరోజు మెట్టు జారి రోడ్డు మీద పడింది, పిక్క చెక్కుకుపోయింది. బావ తనే కట్టు కట్టాడు, మర్నాడు మళ్లీ సోఫాకి బయల్దేరాడు! అక్క నాతో అంది కదా, “ఆయనకి నిజం కావాలిట, నాకు కూర్చోడానికి సీటుంటే చాలురా తమ్ముడూ” అని. నాకు ఒళ్లు మండిపోయింది. నేనెవర్ని? సర్కారు గుమాస్తాని. రోజుకి వంద కాగితాలు నా చేతి మీదుగా వెళ్లేవి. చదువుతూ కూర్చుంటే ఇల్లు చేరగలమా? సెలవులో ఉన్నవాడి సంతకం పక్క సీటువాడు పెట్టేయడం మా ఆఫీసులో పరోపకారం కింద లెక్క. బావ పన్ను పీకించుకోడానికి వెళ్లిన పూట నేను షోరూంకి వెళ్లా. “రిపేరుకి ఒప్పుకున్నట్టు మామూలు కాగితం సార్, ఆయన పేరుతోనే కానిచ్చేయండి” అన్నాడు మేనేజరు. కానిచ్చేశా. చదవలేదు. బావ పేరు గొలుసుకట్టుగా ఎంత బాగా వచ్చిందో అని మురిసిపోయా కూడాను. రెండోరోజుకల్లా బండి తెచ్చి గుమ్మం ముందు పెట్టి హారను కొట్టా. అక్క ఏడ్చేసింది. బావ, “కాగితం ఏమన్నా ఇచ్చారా?” అన్నాడు. ఇచ్చా. చదువుకున్నాడు. మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. అన్నం తిన్నాడు.

అసలు సంగతి ఇప్పుడు విను. వారం తిరక్కుండా పెద్దాఫీసు నుంచి ఒకాయన ఇంటికొచ్చాడు, తోలుసంచీ పట్టుకుని. ఈయన ఉత్తరాలు పనిచేశాయిరా! షెడ్డులో రెండు పీపాలట, ఒక్కదాని మీదా ఏముందో రాసి లేదట, బావ బండి ఆగిన వారమే ఇంకో రెండు బళ్లు కూడా అలాగే ఆగాయట. ఆ బళ్లు కొన్నవాళ్లిద్దరికీ ‘తప్పు మాదే, మన్నించండి’ అని ముద్రేసి ఇచ్చారు. “మీవల్లే బయటపడింది సార్. కానీ మీ ఫైల్లో చూస్తే మీరే పోసినట్టు ఒప్పుకున్నారు. ఈ సంతకం మీదేనా? కాదంటే చెప్పండి. దొంగ సంతకమని ఫిర్యాదు పెడదాం. ఎవరు పెట్టారో వాళ్ల సంగతి పోలీసులు చూసుకుంటారు” అన్నాడు. నేను అక్కడే ఉన్నా, గోడకి ఆనుకుని. ఇద్దరు పసిపిల్లలు నాకప్పుడు, ఆ ఉద్యోగం తప్ప దిక్కు లేదు. బావ నావైపు చూడను కూడా చూడలేదు. “నాదేనండీ” అన్నాడు. “పెద్దవాణ్ణి కదా, చూసుకోకుండా నేనే పోసేశాను.”

ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు. ఆ కారులోనే అక్కని తిప్పాడు. నన్నొక్క మాట అనలేదు. నేనూ... అక్కకి కూడా ఇవాళ్టిదాకా...

ఆ కిటికీ వెయ్యరా, దుమ్ము కొడుతోంది.