పదిహేడు దాటని ఊరు

నాంచారి అని ఒకామె ఉండేదంట. ఇరవైరెండేళ్ళది, మొగుడు పోయాడు, ఇద్దరు పిల్లలు. కోతలో ఆమె పక్కన కొడవలి పట్టాలంటే మగోళ్ళు కూడా జంకేవాళ్ళంట, అంత వడి. అట్టాంటి మనిషికి పోయిన కోతల్లో పని లేకుండా పోయింది. ఎందుకు పోయిందీ? పెద్దదైపోయిందంట! నవ్వకండి, చెప్తున్నాగా. ఏమైందంటే, ఆ దేశం రాజుగారికి కూలోళ్ళ మీద జాలి పుట్టి దండోరా వేయించాడు. పదిహేడు రాని పిల్లల్ని కోతకి పెట్టకూడదు, పెడితే కామందుకి జరిమానా. పదిహేడేళ్ళ వాళ్ళకి రోజుకి అరకుంచం గింజలకి తగ్గకూడదు. పద్దెనిమిది నిండినాళ్ళకి నిండు కుంచానికి తగ్గకూడదు. రాజు మంచోడే అనుకో. కానీ ఆ ఊరి కామందు దగ్గర చలమయ్య అని మేస్త్రీ ఒకడున్నాడు. వాడేం చేశాడూ, పొద్దున్నే గట్టు మీద నిలబడి వచ్చినోళ్ళందర్నీ వయసు అడగటం మొదలుపెట్టాడు. పద్దెనిమిది అన్నారో, "అయ్యో, పెద్దదానివైపోయావమ్మా, నడుం పట్టేసుద్ది, ఇంటికెళ్ళి పడుకో" అనేవాడంట. పదిహేడు అన్నారో, "దిగు చేలోకి!"

ఇంకేముంది, ఊరందరికీ పదిహేడేళ్ళే! వెంకాయమ్మ అని ఒకావిడుంది, తల ముగ్గుబుట్ట. ఆవిడొచ్చి "పదిహేడు బాబూ" అనేది. ఆవిడ కూతురు వెనకే వచ్చి "నాకూ పదిహేడే" అనేది. తల్లీకూతుళ్ళు కవలలనుకో! నాంచారి ఒక్కతే ఆ మాట అనలేకపోయింది. పోయినేడు "ఇరవైఒకటి" అంది, చలమయ్య పంపేశాడు. కోతలన్నాళ్ళూ పిల్లలకి గంజి తప్పితే మెతుకు లేదు. వెంకాయమ్మ తిట్టిందంట, "ఒక్క మాట అనేస్తే పోయేదానికి నీకెందుకే అంత పట్టుదల?" అని. "అనొచ్చు పిన్నీ. నా పెద్దాడికి ఆరేళ్ళు. నాకు పదిహేడంటే వాణ్ణి పదకొండేళ్ళకి కన్నానా? ఆ అబద్ధం నేనాడను. ఈసారి పనిలో దిగుతా, నిండు కుంచం పట్టుకొస్తా, చూస్తా ఉండు." "ఎట్టా తెస్తావే?" "వాడి నోటితోనే అనిపిస్తా."

సరే, కోతలొచ్చినయ్. నాంచారి గట్టు మీదకొచ్చింది. "నీకెన్నేళ్ళే?" అన్నాడు చలమయ్య. "నన్నడుగుతావేంది మేస్త్రీ, నువ్వెంతంటే అంత" అంది. దారికొచ్చిందిలే అని వాడు మురిసిపోయి, "పదిహేడు, దిగు" అన్నాడు. దిగింది. కోసింది, మోపులు మోసింది. సాయంత్రం కల్లంలో రాశి ముందు అందరూ కూలి గింజలకి కూర్చున్నారు. కామందు మంచమేసుకుని ఉన్నాడు. దండోరా కొట్టిన తలారి కూడా తన వాటా గింజల కోసం సంచి పట్టుకుని వచ్చాడు. ఇప్పుడు కల్లం పద్ధతి చెప్తా, వినండి. గింజలు కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అనరు, రాశి ముందు ఏడుపు మాటేంటని ఆరున్నొక్కటి అంటారు. ఆ మాట గింజలకే గానీ ఇంక దేనికీ వాడరు. కొలిచేవాడి నోట అది పడిందా, అన్ని కుంచాలూ కొలవాల్సిందే, లేకపోతే రాశి తరిగిపోద్దని భయం. ఈ కామందుకి ఆ పట్టింపు మరీ ఎక్కువ. అంతకుముందు మేస్త్రీ ఒకడు నోరుజారి ఏడు అన్నాడని కల్లంలోంచే తరిమేశాడంట.

నాంచారి వంతొచ్చింది. చలమయ్య అరకుంచం ఎత్తాడు. ఆమె కొంగు పట్టలేదు. "కామందుగారూ, నాకు సగమెందుకండీ?" అంది. ఆయన, "ఏరా చలమయ్యా, ఈ పిల్లకెన్నేళ్ళు?" అన్నాడు. చలమయ్య "పది..." అన్నాడు. రాశి వంక చూశాడు. కామందు కళ్ళు చూశాడు. మాట మింగేశాడు, పదిహేడులోనూ ఏడుందిగా. "పదహారండీ" అన్నాడు. తలారి లేచాడు. "పదహారేళ్ళ పిల్లని కోతకి పెట్టావా? దండోరా కొట్టింది నేనేనయ్యా!" "కాదు కాదు, పదహారున్నొక్కటి!" అనేశాడు చలమయ్య. అనటమే ఆలస్యం, నాంచారి కొంగు పరిచింది. "నోట పడింది మేస్త్రీ, కొలువు. పదహారున్నొక్క కుంచాలూ కొలువు." కామందు మంచం మీంచి ఎగిరిపడ్డాడంట. "ఓరి దరిద్రుడా! ఉన్న వయసు చెప్పి ఒక్క కుంచంతో వదిలించుకోరా!" "నిండినయ్యండీ! ఆవిడకెప్పుడో పద్దెనిమిది నిండినయ్!" అని చలమయ్య లబలబలాడాడు. "ఇరవైరెండు" అంది నాంచారి. నిండు కుంచం కొంగులో పోయించుకుంది.

అంతే, వెంకాయమ్మ ముందుకొచ్చి "నాకు యాభైనాలుగు బాబూ" అంది, నిన్న పుట్టినంత సంబరంగా. ఆవిడ కూతురు ముప్పై అంది. ఒక్కొక్కళ్ళే నిజం చెప్తా ఉంటే ఊరంతా ఒక్క సాయంత్రంలో పెద్దదైపోయింది. చలమయ్య పళ్ళు కొరికాడు. "రేపట్నుంచి ఒక్కళ్ళూ రావద్దు!" "రాములే. పదిహేడేళ్ళోళ్ళని పిలుచుకో" అంది నాంచారి. ఎంతమందున్నారూ? ఒక్కతే, బుల్లెమ్మ. చేను చూస్తే సగం కొయ్యాల, పైన చూస్తే మబ్బు. కామందు "నోర్మూసుకుని కొలవరా" అన్నాడు.

అక్కడితో అయిపోయిందనుకున్నారా? చివర్న బుల్లెమ్మ వచ్చింది. నిజంగానే పదిహేడు. చలమయ్యకి ప్రాణం లేచొచ్చి అరకుంచం ఎత్తాడు. వెళ్ళిపోతున్న నాంచారి ఆగింది. "అదేంది? ఈ పిల్ల సగం మోపు మోసిందా?" "రాజుగారి మాటమ్మా, నన్నేం చెయ్యమంటావు?" "అంతకి తగ్గకూడదన్నాడు. ఎక్కువ పెడితే చేతులు నరుకుతానన్నాడా? ఏం తలారీ?" తలారి బుర్ర గోక్కుని, "అట్టాంటిదేం నేను చాటలేదే" అన్నాడు. నాంచారి గింజల మూట పక్కన పెట్టి రాశి ముందు కూర్చుంది. వెంకాయమ్మ కూర్చుంది. అందరూ కూర్చున్నారు, రాశి చుట్టూ.

కామందు నిండు కుంచం ఇచ్చాడా అంటే, ఇవ్వక ఏం చేస్తాడు, ఆడోళ్ళ మీంచి గింజల బండి తోలతాడా? ఇచ్చాడు, మొహం గంటుపెట్టుకుని. కానీ అది ఆ ఒక్క కల్లంలోనేగా. మిగతా ఊళ్ళల్లో బుల్లెమ్మలకి సగమేగా. అందుకని కోతలయ్యాక నాంచారి పిల్లలిద్దర్నీ వెంకాయమ్మకి అప్పజెప్పి, ఆ దండోరా మాట మార్పిస్తానని రాజుగారి కోటకి బయల్దేరిందంట. చాలా దూరమే అనుకో. మీరామె నడక చూళ్ళేదు.