చివరి ఫిరంగి

సిద్దిపేటలో స్కూలు బస్సు నడిపే భర్త, కాగితాలు కత్తిరించి చేసిన యుద్ధనౌకను తెచ్చి భార్య ముందు పెట్టాడు.

"చూడు. చెయ్యి వణికేటోడు గింత సన్నటి ఫిరంగులు అంటిస్తడా?"

"అన్నీ నువ్వే చేసినవా?"

"మరెవరు చేస్తరు?"

"ఇంకొక్క ఫిరంగి మిగిలింది గదా. నా ముంగట అంటియ్యి."

"ఇప్పుడెట్ల? గమ్ము ఎండిపోయింది."

"కొత్త డబ్బా తెచ్చిన. ఇగో."

అతను కాగితపు గొట్టాన్ని పట్టకారుతో ఎత్తాడు. అది నౌకను దాటి బల్ల మీద పడింది.

"నువ్వు గట్ల గుడ్లప్పగించి చూస్తే ఎవ్వలికైనా వణుకుతది."

"మొన్న కొండపాక మలుపు కాడ బస్సు రోడ్డు దిగిందట. గాడ గూడ నేనే చూస్తున్ననా?"

"ఎవడు చెప్పిండు నీకు?"

"ఎవడైతేంది? ముందుగాల అంటించిన గీ ఫిరంగి కింద గమ్ముల గులాబిరంగు నెయిల్‌పాలిష్ పెచ్చున్నది. బిడ్డతోని చేయించినవ్ గదా?"

"దాన్నేమనకు. నేనే బతిమాలిన."

"దాన్నేమంటలేను. బస్సు తాళంచెయ్యి గీడ పెట్టు."

"పిచ్చి లేసిందా నీకు? పొద్దుగాల పిల్లలంత నా బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉంటరు."

"గందుకే అడుగుతున్న."