అచ్చియ్యమ్మ కుదిర్చిన చేపల జంట

నాగవేణి అని ఒక పిల్లంట, ఆకివీడు అవతల చెరువుల మధ్య ఊళ్లో. పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండలేదనుకోండి. ఇంక అత్త అచ్చియ్యమ్మ నోటి గురించి ఏం చెప్పను! బారసాలకి పిలుపొస్తే తను ముందెళ్లిపోయేది, కోడల్ని మాత్రం "నువ్వు ఉయ్యాల దగ్గరికి రాకే తల్లీ, ఇంట్లోనే పడుండు" అనేదంట. ఏం, ఆ పిల్ల చేతికి నిప్పంటుకుందా? చెప్తుంటేనే నాకు ఒళ్లు మండిపోద్ది.

ఏమైందంటే, కొడుకు సూరిబాబు భీమవరంలో ఒక అద్దాల తొట్టి కొనుక్కొచ్చాడంట, దాంట్లో రెండు ఏంజెల్ చేపలు. రెక్కలు పైకీ కిందకీ చాపుకుని పల్చగా ఉంటాయి చూడండి, అయ్యి. అచ్చియ్యమ్మ తొట్టి ముందు పీటేసుకు కూచుని, పెద్దది మొగుడూ చిన్నది పెళ్లామూ అని తేల్చేసిందంట. నీకెలా తెలుసత్తా అంటే, "మొగుడన్నాక పెద్దగా ఉండడేంటే?" అంది. అక్కడితో ఊరుకుందా, అద్దానికి పసుపు బొట్లు కూడా పెట్టింది. కొన్నాళ్లకి ఆ చేపలు తొట్టిలో వేసిన కుండపెంకు మీద గుడ్లు పెట్టాయంట. ఇంట్లో పండగే పండగ. తీరా చూస్తే గుడ్లన్నీ తెల్లబడి బూజట్టిపోయాయి. ఇంక చూడండి! "గొడ్రాలి చెయ్యి తగిలితే చేప గుడ్డు కూడా పిల్లవదు" అని వీధిలో నిలబడి అరిచిందంట ఆ మనిషి! రోజూ మేతేసే ఆ పిల్లని ఇంక మేత వెయ్యొద్దంది, ఆ గది గడపే తొక్కొద్దంది, ఆ ఊపులోనే కొడుక్కి రెండో సంబంధం మాట్లాడేసింది. మరి సూరిబాబేమన్నాడంటారా? ఏమంటాడు, గోళ్లు చూసుకుంటా కూచున్నాడు.

మళ్లీ గుడ్లు పెట్టాయి. ఈసారి మేతేసింది అచ్చియ్యమ్మే. మళ్లీ తెల్లబడ్డాయి! నాగవేణి గడప ఇవతల నుంచే కళ్లారా చూసిందంట, చిన్నది పెంకుకి పొట్ట రాసుకుంటా గుడ్లు పెట్టెళ్లాక, మొగుడుగారు కూడా వచ్చి పెట్టాడు. మొగుడు గుడ్లు పెట్టడం ఎక్కడన్నా ఉందా? బస్సెక్కి, భీమవరంలో ఆ చేపలు కొన్న కొట్టుకెళ్లి అడిగింది. ఆ కొట్టతను, "ఊరికే చూసి ఆడో మగో చెప్పలేమక్కా. గుడ్లు పెట్టేటప్పుడు పొట్ట కింద చిన్న గొట్టం దిగుద్ది, మగదానికి సన్నగా మొనదేలి, ఆడదానికి లావుగా మొద్దుగా. మగది లేకపోతే రెండు ఆడవే జత కడతాయి, ఆ గుడ్లు పిల్లలవ్వవు. మేమైతే అరడజను పిల్లల్ని కలిపి పెంచి, నచ్చినదాన్ని అయ్యే చూసుకునేదాకా ఆగుతాం" అన్నాడంట. చూశారా, చేపకైనా ఆ మాత్రం మర్యాద ఉంది!

తిరిగొచ్చేసరికి పిల్లనిచ్చేవాళ్లు వచ్చి ఆ తొట్టి గదిలోనే కూచున్నారు, కాఫీలు కూడా అయిపోయాయి. నాగవేణి తిన్నగా ఆ గదిలోకే వెళ్లిందంట. "ఈసారి నీ చేత్తోనే మేతేశావు కదత్తా, మరెందుకు తెల్లబడ్డాయి? తొట్టిలో మగచేపే లేదు! నన్ను కనపడ్డ డాక్టరుకల్లా చూపించావు, నీ కొడుకుని ఒక్కరికన్నా చూపించావా?" అంది. అచ్చియ్యమ్మ, "మగోడికి పరీక్షలేంటే, సిగ్గు లేకపోతే సరి" అని లేచింది. పిల్ల తండ్రి కండువా దులుపుకున్నాడు. "ముందు ఆ పరీక్షేదో చేయించండమ్మా, లేకపోతే మా పిల్ల గతీ ఇదే అవుద్ది" అని వెళ్లిపోయాడంట.

మర్నాడు పొద్దున్నే నాగవేణి కొక్కేనికున్న మొగుడి చొక్కా తీసి మంచం మీద పడేసి, "నడవండి ఆస్పత్రికి" అంది. సణుక్కుంటానే ఎళ్లాడనుకోండి. ఏం తేలిందంటారా? నేను చెప్పను. ఎంతమందికి చెప్పానో ఈ కథ, అందరూ అదే అడుగుతారు. ఏం, లోపం ఎవరిదో తేలితేగానీ ఆ పిల్ల పక్కన నిలబడరా మీరు?