గుట్ట కింద సొంత దేశం

పెనుకొండ బస్టాండు పక్క టీ అంగట్లో ఆ పొద్దు అందరూ ఒకే ఫోన్లోకి తొంగి చూస్తున్నారు. ఎక్కడో సముద్రంలో ఒక దీవి. పెద్ద దేశంతో కలిసి ఉండాలా, విడిపోయి సొంత దేశం కావాలా అని అక్కడి జనం వాదులాడుకుంటున్నారట. గొర్రెల ఓబుళప్ప అదంతా విని గ్లాసు కింద పెట్టాడు. ఆయన అంగడికి వచ్చింది టీ కోసం కాదు. అన్న హనుమప్పతో కలిసి మేపే మందలోంచి తన భాగం తీసుకుని వేరుపడాలని ఉంది ఆయనకు. అందుకు గుట్ట కింద ఉన్న జయరామయ్య శెట్టి బీడు గుత్తకు కావాలి. అక్కడే కూర్చున్న శెట్టి అన్నీ విని, "ఒంటిగా మంద నడపగలవా ఓబుళప్పా?" అని ఒకే మాట అడిగాడు. ఇంక ఓబుళప్పను పట్టుకునేవాళ్ళు లేరు.

"నన్నా అడుగుతాండావు శెట్టీ? ఆ దీవోళ్ళు ఇప్పుడు కొట్లాడుకుంటాండారు, నేను పోయిన ఎండాకాలమే చేసి చూపిచ్చినా. అన్నతో మాటామాటా వచ్చింది. పెద్దగా ఏం చేయలేదప్పా, పొద్దున్నే దొడ్డికి నడిమధ్యన రెండు ముండ్ల కంపలు అడ్డమేసి, ఈ పక్క వేరే దేశం అన్నా, నా గొర్రెల్ని ఇట్ల తోలుకున్నా, అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కాల్లో ముల్లు దిగింటాది," అన్నాడు పక్కూరి రైతు మారప్ప.

"నవ్వు, నవ్వు. జెండా లేచింది. ధర్మవరం నుంచి పట్టు తెప్పిచ్చినా, జరీ అంచుది. అది ఆడితే హిందూపురంలో జనం ఫ్యాన్లు ఆపేసుకున్నారు. ఇంగ పౌరసత్వం. ఎవరు మావాళ్ళో ఎవరు కాదో తేలాల గదా. ఒక్కో గొర్రెను నిలబెట్టి, ఇండియానా, ఓబుళప్ప దేశమా అని అడిగినా. నా పక్క అన్నదానికి వీపున ఎర్రమన్ను గుర్తు. ఒక ముసలి పొట్టేలు మాత్రం, మేసేది ఆడ, పెంటికలేసేది ఈడ, నాది యా దేశం సామీ అని అడిగింది. నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. రెండు దేశాల పౌరసత్వమూ ఇచ్చేసినా దానికి."

పొట్టేలు ఏ భాషలో అడిగిందని శెట్టి నవ్వాపుకుంటూ అడిగాడు.

"కర్ణాటక అంచున మడకశిర సంతలో కొన్న పొట్టేలు శెట్టీ, కన్నడంలోనే అడిగింది. ఇంగ నా పేరు పాకిపోయింది. అధ్యక్షుడు నడిచి మంద తోలితే బాగుండదని ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ నుంచి కొత్త కారు పంపినారు. నేను కార్లో ముందర, గొర్రెలు ఎనక, ముదిగుబ్బ దాకా బస్సులన్నీ నిలిచిపోయినాయి. నంబులపూలకుంట కాడ సరిహద్దు పెట్టినాం, యంత పెద్ద ఆఫీసరైనా చెప్పులిడిచి వీపున ఎర్రమన్ను గుర్తేపించుకునే రావల్ల. కడాకు ఢిల్లీ నుంచి పెద్దమనుషులు హెలికాప్టర్లో దిగి, విడిపోవద్దు ఓబుళప్పా, కావాలంటే దేశానికే నీ పేరు పెడతాం అని గడ్డం పట్టుకున్నారు. నేనేమన్నానో తెలుసా? ఓటు పెడతా, మా పౌరులు ఎట్లంటే అట్లే అన్నా. పెట్టినా. ఒక్క గొర్రె గూడా అవతలికి తల తిప్పలేదు. విశ్వాసమంటే అదప్పా."

"కంప నిజం శెట్టీ. ఎర్రమన్నూ నిజమే," అంటూ ఒక ఆడగొంతు వెనక నుంచి వినబడింది. హనుమప్ప భార్య గంగాదేవి. గొర్రెల మందు కొనడానికి పక్క అంగడికి వచ్చి, చాలాసేపటి నుంచి అక్కడే నిలబడి వింటోంది. ఓబుళప్ప బస్సు టైమైందంటూ లేవబోయాడు. మారప్ప భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"మా మరిది తల్లి గొర్రెల్ని తన పక్కకు తోలుకున్నాడు గానీ, పాలు తాగే గొర్రెపిల్లల్ని మా పక్క గంపల కిందనే మరిచిపోయినాడు. పొద్దు వాలినాక గంపల కింద పిల్లలు అరిచినాయి. అంతే, ఈయప్ప పౌరులంతా కంపల మీద నుంచి మా పక్కకు దూకినారు. ఆ ముసలి పొట్టేలు గూడా. పట్టు జెండా అన్నాడే, అది వాళ్ళన్న పాత పంచె. గొర్రెల కాళ్ళ కింద పడి చినిగిపోయింది."

"మరి అధ్యక్షుడు?" అన్నాడు మారప్ప.

"చీకటి పడినాక ఆయన గూడా వచ్చినాడు, సంగటి కాడికి. తమ్మునికి ముండ్లు గుచ్చుకుంటాయని వాళ్ళన్నే ముందుగా పోయి కంప తీసి పెట్టినాడు."

అంగడంతా నవ్వింది. గంగాదేవి మాత్రం నవ్వలేదు. "వేరు పోతానంటే పోప్పా, మేం అడ్డం రాం. ఈసారి పిల్లల్ని ముందు తోలుకో," అంది. ఆ మాటకు ఓబుళప్ప ముఖం చిన్నబోయింది. లేచి వదిన చేతిలోని మందు సంచి అందుకున్నాడు.

"బీడు ఇంగెవరికైనా ఇచ్చుకో శెట్టీ," అన్నాడు. నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగాడు. "ఆ దీవోళ్ళ నంబరు యవురికాడన్నా ఉంటే చెప్పండప్పా, విడిపోయేముందు గంపల కింద ఒకసారి చూసుకోమని."